పెద్ద రక్తనాళాల చెంత కాలేయ కణితులు: కీహోల్ శస్త్రచికిత్స ఎవరికి తగును?

కాలేయంలోని కణితి పెద్ద రక్తనాళానికి దగ్గరగా ఉంటే, పొట్టను పెద్దగా కోయడమే మార్గమని వైద్యులు చాలాకాలం భావించారు. ఇప్పుడు అనుభవజ్ఞులైన శస్త్రవైద్యులు ఎంపికచేసిన రోగుల్లో ఇటువంటి కణితులను సైతం చిన్న రంధ్రాల ద్వారా తొలగిస్తున్నారు.

ప్రమాదం ఎక్కడ?

నిమిషానికి సుమారు 1.5 లీటర్ల రక్తం కాలేయానికి చేరుతుంది. అందులో దాదాపు 75 శాతం పోర్టల్ సిర ద్వారా, మిగతాది కాలేయ ధమని ద్వారా వస్తుంది. మూడు ప్రధాన కాలేయ సిరలు దానిని అధోమహాసిరలోకి చేరుస్తాయి. పలుచని ఈ సిరలు చీలితే రక్తస్రావం తీవ్రంగా ఉంటుంది. కీహోల్ పద్ధతిలో చేతితో అదిమి ఆపే వీలుండదు. అందుకే 2008లో అమెరికాలోని లూయీవిల్‌లో సమావేశమైన నిపుణులు, సులువుగా అందే భాగాల్లోని 5 సెంటీమీటర్ల లోపు ఒంటరి కణితులకే ఈ పద్ధతి అనువైనదని సూచించారు.

జాగ్రత్తలు

ముందుగా సీటీ, ఎంఆర్ఐ స్కాన్‌లతో కణితికీ నాళాలకూ మధ్య దూరాన్ని, మిగిలే కాలేయ పరిమాణాన్ని అంచనా వేస్తారు. శస్త్రచికిత్స సమయంలో అల్ట్రాసౌండ్‌తో నాళాల దారిని గుర్తిస్తారు. 1908లో ప్రింగిల్ వివరించిన పద్ధతిలో కాలేయానికి వచ్చే రక్తాన్ని సాధారణంగా 15 నిమిషాలు ఆపి, 5 నిమిషాలు వదులుతారు. మత్తు వైద్యులు సిరల్లోని ఒత్తిడిని తగ్గించి ఉంచుతారు.

ఫలితాలు, పరిమితులు

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి వ్యాపించిన 280 మందిపై నార్వేలో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. శస్త్రచికిత్స అనంతర సమస్యలు కోత పద్ధతిలో 31 శాతం మందికి, కీహోల్ పద్ధతిలో 19 శాతం మందికి ఎదురయ్యాయి. అయితే వారిలో కాలేయాన్ని కొద్దిమేరకే తొలగించారు గనుక ఈ ఫలితాలు అందరికీ వర్తించవు. నాళాన్ని కోసి తిరిగి కలపవలసి వచ్చినప్పుడు సాధారణంగా కోత పద్ధతినే ఎంచుకుంటారు. కాలేయం బాగా గట్టిపడినవారికి ఏ శస్త్రచికిత్స అయినా ప్రమాదకరమే. మధ్యలో కోత పద్ధతికి మారడం వైఫల్యం కాదు, ప్రాణరక్షణకు తీసుకునే నిర్ణయం.

రోగులు అడగవలసినవి

తరతరాలుగా తెలుగువారు నివసిస్తున్న ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ వంటి ప్రాంతాల రోగులకు, సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో ఎస్‌ఎస్‌కేఎం ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా జీర్ణకోశ, కాలేయ వ్యాధుల ప్రత్యేక విభాగం ఉంది. రైల్వే ఉద్యోగులు ముందుగా ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిని సంప్రదించవచ్చు. కణితి ఏ నాళానికి ఎంత దగ్గరలో ఉంది, ఎంత కాలేయం మిగులుతుంది, ఇటువంటి శస్త్రచికిత్సలో వైద్య బృందానికి ఎంత అనుభవం ఉంది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకున్నాకే నిర్ణయానికి రావడం మేలు.