ఇంటి మూలనే బూరగా మార్చిన ఇంజనీరు: పాల్ క్లిప్ష్ కథ

ముందుగా ఒక చిన్న ప్రశ్న. పెళ్ళిళ్ళకీ, గుడి ఉత్సవాలకీ కరెంటు స్తంభానికి కట్టే రేకు మైకు ఉంది చూశారూ, దాని పాట పక్క ఊరికి కూడా వినిపిస్తుంది. మరి అందులోంచి డోలు దెబ్బ ఎప్పుడైనా మీ గుండెకి తగిలిందా? తగలదు. సన్నాయి బ్రహ్మాండంగా వస్తుంది, డోలు మాత్రం టకటకమంటుంది, అంతే.

తప్పు డోలుది కాదు, బూర నోటిది. నోటి చుట్టుకొలత ఎంతో, సుమారుగా అంత పొడవున్న శబ్ద తరంగం వరకే బూర బాగా పలుకుతుంది. అర మీటరు వెడల్పున్న నోటికి చుట్టుకొలత 1.57 మీటర్లు. శబ్దం సెకనుకి 344 మీటర్లు పోతుంది కాబట్టి, లెక్క వేస్తే దాదాపు 220 హెర్ట్జ్. అంతకంటే కింద ఉన్న బేస్ చాలావరకు పోయినట్టే. మరి 40 హెర్ట్జ్ దాకా దిగాలంటే? తరంగం పొడవు 8.6 మీటర్లు, నోరు 2.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే గదిలో ఒక గోడంతా బూరే!

ఇంత గోల ఎందుకు, మామూలు పెట్టె స్పీకర్ చాలదా అంటారేమో. ఆ రోజుల్లో చాలదండి. 1930, 40ల నాటి ఇంటి వాల్వ్ యాంప్లిఫయర్ ఇచ్చేది కొద్ది వాట్లే. మామూలు స్పీకర్ అందులో నూటికి ఒక వంతు శబ్దంగా మార్చడమే గొప్ప. బూర దానికి ఎన్నో రెట్లు మారుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అదే శబ్దానికి కోన్ చాలా కొద్దిగా కదిలితే చాలు. కదలిక తగ్గితే శబ్దం చెడిపోవడమూ తగ్గుతుంది. సినిమా హాళ్ళలో తెర వెనక చోటుంది కాబట్టి పెద్ద బూరలు పెట్టుకున్నారు. ఇళ్ళలో ఎక్కడ పెడతారు?

ఇక్కడికి వస్తాడు పాల్ క్లిప్ష్. 1904లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. చిలీ దేశంలో కరెంటు రైలింజన్లు చూసుకున్నాడు, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు, భూభౌతిక సర్వేలు చేశాడు. స్పీకర్లు ఆయన ఉద్యోగం కాదు, పిచ్చి. 1941లో అమెరికా శబ్దశాస్త్ర సంఘం పత్రికలో, చిన్న కొలతల బేస్ బూర గురించి ఒక వ్యాసం రాశాడు.

ఆయన పట్టుకున్న కిటుకు గది మూల. బూర నోటిని నేలకి ఆనిస్తే నేల అద్దంలా పనిచేస్తుంది, సగం నోరు చాలు. ఒక గోడ కలిస్తే పావు చాలు. రెండో గోడ కూడా కలిస్తే ఎనిమిదో వంతు! ఇందాకటి నోరు 5.9 చదరపు మీటర్లు కదా, మూలలో 0.74 సరిపోతుంది. పొడవూ తగ్గుతుంది. 40 హెర్ట్జ్ బూర వైశాల్యం ప్రతి 47 సెంటీమీటర్లకి రెట్టింపు కావాలి. గొంతు 500 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 3.3 మీటర్ల బూర 1.8కి దిగుతుంది. దాన్ని చెక్క పెట్టెలో మడతలు పెట్టేస్తే సరి. బేస్ తరంగాలు పొడవైనవి, ఆ మలుపులు వాటికి పట్టవు. పై స్వరాలకి పడతాయి, అందుకే 400 హెర్ట్జ్ పైన పని వేరే బూరకి అప్పగించాడు.

మూల ఆలోచన ఆయన ఒక్కడిదే అనలేం. లండన్‌లో పాల్ వోయిట్ 1930ల్లోనే ఇళ్ళకి మూల బూర చేశాడు. కానీ మడత బేస్ బూరని ఇంట్లో పట్టే సామానుగా నిలబెట్టింది మాత్రం క్లిప్షే అని నా అభిప్రాయం. యుద్ధకాలంలో సైన్యం పని మీద ఆర్కన్సాలోని హోప్ అనే చిన్న ఊరికి వచ్చి, 1946లో అక్కడే కంపెనీ పెట్టాడు. బిల్ క్లింటన్ పుట్టిందీ అదే ఊళ్ళో, అదే ఏడాది! క్లిప్ష్‌హార్న్ ఇప్పటికీ తయారవుతోంది.

నేనూ ఒకటి చేశానండి, ప్లైవుడ్‌తో. మూడు వారాల పని. గది మధ్యలో పెట్టి పాట వేస్తే రేకు మైకు కంటే కాస్త నయం, అంతే. చెక్కకి పెట్టిన డబ్బు గురించి ఇంట్లో అడిగారు, జవాబు లేదు. తర్వాత మూలకి తోశాను. అక్కడా బుస్సుమని గాలి చప్పుడు. కోన్ వెనక గది గాలి చొరకుండా మూసి ఉండాలి. ఆ గాలి స్ప్రింగులా పనిచేసి, గొంతులోని గాలి బరువుకి సరితూగాలి. ఒక అతుకు దగ్గర సందు వదిలేశాను. జిగురు పట్టించాక వచ్చింది, తబలా బాయఁ!

ఇక క్లిప్ష్‌కి దెబ్బ రెండు వైపుల నుంచి తగిలింది. స్టీరియో వచ్చింది, రెండు ఖాళీ మూలలు కావాలి. ఎన్ని ఇళ్ళలో ఉంటాయి? ఒక మూల తలుపే ఉంటుంది. రెండోది, 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలో లోతైన బేస్ తెచ్చి ఏఆర్-1 అమ్మాడు. అది కరెంటు బాగా తాగుతుంది, కానీ తర్వాతి రోజుల్లో ట్రాన్సిస్టర్లతో వాట్లే చవకయ్యాయి. కేఎల్‌హెచ్ కంపెనీలోని ఆంటన్ హాఫ్‌మన్, అంటే పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు, పేరుతో ఒక సూత్రం నిలిచింది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. క్లిప్ష్ పెట్టె చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు మిగతా బూర మన గోడలే కదండీ. ఇల్లు మారితే మళ్ళీ మూల వెతుక్కోవాల్సిందే.