వంతు: కోలారు సీమ చెరువులూ, ఊరి సభలూ

కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలో కామసముద్రం ఒక హోబళి కేంద్రం. బెంగుళూరు నుంచి జోలార్‌పేటకు పోయే రైలుమార్గంలో బంగారుపేట దాటాక వచ్చే స్టేషను. అక్కడినుంచి ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ఎంతో దూరం లేదు. తమిళనాడు సరిహద్దూ, బంగారు గనులూ దగ్గరే. కచేరీ రాతలన్నీ కన్నడంలో జరిగే ఈ సీమలో చాలా ఇళ్ళలో మాట తెలుగు. ఊరి పేరులోని ‘సముద్రం’ మన విద్యార్థులకు కొత్త కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రంలో ఉన్నదీ ఇదే మాట. పెద్ద చెరువును సముద్రమని పిలవడం మన శాసనాల నాటి అలవాటు.

నిండుగా పారే జీవనది లేని ఈ జిల్లాలో ఊరి బాగు అంటే ముందు చెరువు బాగే. దాని ఖర్చు ఎవరు పెట్టాలి, పని ఏదో ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నలు ఇక్కడ చాలా పాతవి. వీటిని మేము ‘వంతు’ అనే ఒక్క మాట పట్టుకుని పరిశీలించదలచాము. తెలుగులో వంతు అంటే భాగం, వరస కూడా. ఖర్చులో నా వంతు, నీళ్ళకు నా వంతు, మాట్లాడటానికి నా వంతు అంటాము. కన్నడంలో చందాను ‘వంతిగె’ అంటారు. డబ్బు వంతూ, నీటి వంతూ, మాట వంతూ ఒకే చోట కలిసినప్పుడు చెరువు నిలిచిందనీ, విడిపోయినప్పుడు పూడిందనీ మా అభిప్రాయం.

పూర్వం చెరువు కట్టినవారికీ, బాగుచేసేవారికీ భూమి ఇచ్చేవారు. దాన్ని తెలుగు సీమలో దశబంధం అన్నారు. కన్నడంలో కట్టుకొడగె అన్నారు. అంటే మరమ్మతు డబ్బు ఊరి పంటలోనుంచే వచ్చేది. కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం (1369) మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, 6 దోషాలనూ చెప్పింది. నిర్మాణం రాజులూ, అధికారులూ చేయించినా, ఏటా తూము తెరిచి మడి మడికీ నీరు పంచే పని మాత్రం ఊరివాడిదే. అతడే నీరుగంటి. కోలారులో ఇప్పటికీ ఈ మాట రెండు భాషలవారికీ తెలుసు. ఒక సంగతి మరవరాదు: నీరుగంట్లలో ఎక్కువమంది దళితులు. నీటి లెక్క అందరికన్నా బాగా తెలిసిన మనిషికి పెద్దల కూటమిలో మాట వంతు ఉండేది కాదు.

1866లో మైసూరు చీఫ్ ఇంజనీరు మేజర్ శాంకీ, ఈ రాజ్యంలో కొత్త చెరువుకు చోటు వెతకడమే కష్టమని రాశాడు. ఒక చెరువు మొరవ పారితే ఆ నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు ఇది. 1881లో రాజ్యం తిరిగి ఒడయార్ల చేతికి వచ్చింది. ఆ కాలపు పద్ధతి ప్రకారం చిన్న చెరువుల మట్టిపని రైతులది, రాతిపనీ తూమూ సర్కారువి. 1892లో మద్రాసుతో కుదిరిన ఒప్పందం పాలారు, పాపఘ్ని, చిత్రావతి వంటి నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదన్నది. దాంతో పాత చెరువుల బాగుచేతే ఈ జిల్లాకు మిగిలిన ముఖ్యమైన దారి అయింది. 1911లో మైసూరు ప్రభుత్వం చెరువు పంచాయతీల చట్టం తెచ్చింది. చెరువు సంరక్షణ ఆయకట్టు భూస్వాముల పంచాయతీకి అప్పగించే ప్రయత్నమిది. ఊరి ఆచారం ఇక్కడ చట్టమైంది; కాని భూమి లేనివారూ, స్త్రీలూ బయటే ఉండిపోయారు.

అదే కాలంలో పక్కనున్న గనుల పట్టణం మరో దారి పట్టింది. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. తాగునీరు పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి వచ్చింది. పట్టణం మంచిచెడ్డలు చూసింది శానిటరీ బోర్డు. చుట్టూ పల్లెలకన్నా ముందే సదుపాయాలు అమిరాయి. అయితే ఏది కావాలో తేల్చింది గని కంపెనీ, సర్కారూ. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. యజమాని తీరిస్తే వచ్చిన సదుపాయం యజమాని పోయాక ఎవరిదన్న ప్రశ్న ఆ పట్టణానికి మిగిలింది.

పల్లెల్లో వంతు విడిపోవడానికి కారణాలు వేరు. స్వాతంత్ర్యం తరవాత చెరువులు శాఖల పరమయ్యాయి. కర్ణాటకలో 40 హెక్టార్లు మించిన ఆయకట్టు చెరువులు చిన్న నీటిపారుదల శాఖవి, అంతకు తక్కువవి జిల్లా పంచాయతీవి. తూము విరిగితే ఊరు కూడి వంతులు వేసుకోవడానికి బదులు అర్జీ పెట్టుకోవడం మొదలైంది. ఆపైన బోరుబావి వచ్చింది. బోరు ఉన్న రైతుకు నీటి వంతు అక్కరలేదు. కాబట్టి సభకు వచ్చే పనీ లేదు. వెయ్యి అడుగులు దాటినా నీరు పడని స్థితి వచ్చాక గాని ఆ బోరుకు ఊట చెరువేనని అందరికీ గుర్తు రాలేదు.

1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను మళ్ళీ నిలబెట్టింది. ఆరునెలలకొకసారైనా అది కూడాలి. 2002లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన చెరువుల పథకంలో కోలారు కూడా ఉంది. ఊరూరా చెరువు సంఘం ఏర్పడాలి, ఖర్చులో కొంత రైతులు డబ్బుగానో శ్రమగానో ఇవ్వాలి అన్నది దాని నియమం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనుల ఎంపికలో గ్రామసభ సిఫారసుకు చోటిచ్చింది. ఖర్చును జనం ముందు తనిఖీ చేయాలన్నది. 2010 నుంచి పంచాయతీ స్థానాల్లో సగం స్త్రీలవి. 1911 నాటి కూటమితో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. పూడిక ముందా, కాలువ ముందా, కాలనీ మోరీ ముందా అని వాదించే హక్కు ఇప్పుడు భూమి లేని మనిషికీ ఉంది.

అయినా అన్నీ ఊరి సభ చేతిలో లేవు. 2018 జూన్‌లో బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపడం మొదలుపెట్టారు. తొలి ప్రణాళికలో 126 చెరువులు. ఎండిన చెరువుల్లో నీరు చూసి సంతోషించినవారు ఉన్నారు; నురుగు చూసి భయపడినవారూ ఉన్నారు. వివాదం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. గొలుసుకట్టులో పై చెరువు నీరు కింది చెరువుకు తప్పక చేరుతుంది కనుక ఇది ఏ ఒక్క ఊరి సభా తేల్చగలిగింది కాదు. గొలుసులోని ఊళ్ళన్నీ కూడే సభ కావాలి. అటువంటిది మన చట్టాల్లో ఇంకా గట్టిగా ఏర్పడలేదు.

భాషావిద్యార్థులు చేయదగ్గ పని ఒకటుంది. సరిహద్దు పల్లెల్లో చర్చ తెలుగులో సాగినా, సభ నడిచిన తీరును కన్నడంలో ‘నడావళి’గా రాస్తారు. నోటి మాటకూ కాగితం మీది మాటకూ మధ్య ఏది జారిపోతున్నదో, ఎవరి మాట రాతకెక్కడం లేదో గమనించాలి. పాత నీరుగంట్లు బతికి ఉండగానే తూము, మొరవ, ఆయకట్టు, అచ్చుకట్టు వంటి మాటలను వాటి లెక్కలతో సహా సేకరించాలి. ఆ లెక్క పోతే, రేపటి సభలో డబ్బు ఉన్నా, దాన్ని ఏ తూము దగ్గర పెట్టాలో చెప్పేవారు ఉండరు.