కలనగణితము: పదముల పుట్టుక

శాస్త్రముల చరిత్రను గ్రంథములందే కాక, శాస్త్రజ్ఞులు వాడిన పదములందును జదువవచ్చును. ఇందులకు కలనగణితమే తార్కాణము. కళాశాలలలో వాడుకగా నున్న కాలిక్యులస్ అను పేరు లాటిను పదము. దాని యర్థము గులకరాయి. రోమనులు రాళ్లతో లెక్కలు వేసికొనెడివారు గనుక రాతిపేరు లెక్కకే చెల్లినది. విద్యార్థుల గుండె లదరఁజేయు శాస్త్రమునకు పిల్ల లాడుకొను రాతిపేరుండుట వింత గాదా?

ఈ శాస్త్రమును 17వ శతాబ్దియందు ఆంగ్లేయుఁడగు న్యూటనును, జర్మనుఁడగు లైబ్నిజ్జును వేర్వేఱుగ నిర్మించిరి. న్యూటను దృష్టి చలనముపై నుండెను. కాలముతోఁ బాటు మాఱు రాశిని ప్రవహించునది యను నర్థమున ఫ్లూయెంటనియు, దాని వేగమును ఫ్లక్సియననియుఁ బిలిచెను. లైబ్నిజ్జు భేదమును, మొత్తమును జూచెను. మిక్కిలి చిన్న భేదమునకు డిఫరెన్షియల్ అని పేరిడి, 1684లో తన పద్ధతిని ప్రకటించెను. సుమ్మా యనఁగా మొత్తము. ఆ పదము మొదటి యక్షరమును నిడివిగ సాగఁదీసి 1675లోనే గుర్తుగఁ గైకొనెను. నేఁటి పుస్తకములందుఁ గానవచ్చు నిలువుగీఁత యదియే. ఇంటెగ్రల్ అను మాటను 1690లో యాకబ్ బెర్నూలీ యచ్చునఁ బ్రయోగించెను. ముక్కలను గూర్చి పూర్ణము చేయుట దాని భావము. లైబ్నిజ్జునకు మొత్తమను నర్థముగల పేరే యిష్టము. కాని గుర్తు ఆయనది నిలిచెను. పేరు బెర్నూలీలది నిలిచెను.

పిమ్మట దీనిని ముందు కనుఁగొన్న వారెవరను కలహము రేఁగెను. ఆంగ్లేయులు దేశాభిమానమున న్యూటను గుర్తులనే పట్టుకొని, ఐరోపా ఖండమున వర్ధిల్లిన గణితమునకు శతాబ్దికాలము దూరమైరి. 1812లో కేంబ్రిడ్జియందు బాబేజి, హెర్షెల్, పీకాక్ మొదలగు యువకులు సంఘముగ నేర్పడి, 1816లో లాక్రువా యను ఫ్రెంచి పండితుని గ్రంథమును ఆంగ్లీకరించిరి. అటుపిమ్మటనే యచటి బోధన క్రమముగ మాఱెను. పరదేశీయుని గుర్తు మేలైనదైనచోఁ గైకొనుటకు సిగ్గుపడిన జాతికిఁ గలిగిన నష్టమిది.

మన భాషయందో? కూడికకు సంకలనమనియు, తీసివేతకు వ్యవకలనమనియు పూర్వమునుండి పేర్లు గలవు. వానికి చుట్టములుగ అవకలనము, సమాకలనము అను పదములు నేఁడు వాడుకలో నున్నవి. లైబ్నిజ్జు తలఁచిన భేదమును, మొత్తమును ఇవి చక్కఁగఁ దెలుపుచున్నవి. కలనము, కాలిక్యులస్ అను ధ్వనిసామ్యమును జూచి, లాటిను పదము మననుండియే పోయెనని గర్వించుట మాత్రము తగదు.

పదము గట్టిదైనను అర్థము చెప్పనిచో నది మంత్రాక్షరమే. బాలురును, బాలికలును గణితము తమకుఁ గాదని తొలఁగుటకు అర్థము దెలియని మాటల భయమును ఒక కారణమని మేము తలంతుము. సూత్రము వల్లెవేయింపకమున్ను, ఈ పేరు గులకరాయినుండి పుట్టినదని చెప్పుట కెంత కాలము పట్టును?