తుప్పు చెప్పు సాక్ష్యము

షెడ్డు మూలలో ఏండ్ల తరబడి నిలిచిపోయిన కారును చూచినపుడు ఇంటిలో రెండు వాదములు పుట్టుట సహజము. పాత ఇనుము కొనువానికి తూకమునకు ఇచ్చివేయుదమని ఒకరు అందురు. బాగుచేయించి మరల రోడ్డు మీదికి తెత్తమని మరియొకరు అందురు. మొదటివారు ఖర్చును చూచుచున్నారు. రెండవవారు జ్ఞాపకమును చూచుచున్నారు. ఇద్దరి మాటలోను న్యాయము కలదు. కాని ఈ వాదము తీరుటకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఆ తుప్పును గీకివేసినపుడు దానితోపాటు మనము పోగొట్టుకొనునది ఏమి? ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుపుటకు రెండు కార్ల చరిత్ర చాలును. అందొకటి నలుబది రెండేండ్లు ఇసుకలో పడియున్నది. రెండవది డెబ్బది ఏండ్లకు పైగా నీటి అడుగున ఉన్నది.

బ్రిటనులోని వేల్సు దేశపు దక్షిణ తీరమున పెండైన్ అను చిన్న గ్రామము కలదు. ఆ ఊరి యెదుట ఏడు మైళ్ల పొడవున ఇసుక చదునుగాను, గట్టిగాను పరచుకొని యుండును. అంత పొడవైన తిన్నని బాట లభించుట అరుదు గనుక 1920 తరువాత వేగపు రికార్డులు సాధింపగోరిన సాహసికులు ఆ తీరమునకు వచ్చుచుండిరి. వారిలో జాన్ గాడ్‌ఫ్రే పారీ-టామస్ ఒకడు. ఇతడు వేల్సులో పుట్టినవాడు. లేలండ్ మోటారు సంస్థలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసినవాడు. ఇతని కారు పేరు బాబ్స్.

బాబ్స్ కొత్తగా కొన్న కారు కాదు. కౌంట్ లూయీ జబరోవ్‌స్కీ అను సంపన్నుడు తన ముచ్చట కొరకు దానిని నిర్మించుకొనెను. పండ్రెండు సిలిండర్లు, 27 లీటర్ల పరిమాణము గల లిబర్టీ విమాన ఇంజను అందు అమర్చబడినది. గేర్ బాక్సు ఒక పాత బెంజ్ కారునుండి వచ్చినది. ఇంజను శక్తిని వెనుక చక్రములకు గొలుసులు అందించుచుండెను. 1924లో జబరోవ్‌స్కీ ఇటలీలోని మోంజా పందెములో మరణించెను. పిమ్మట టామస్ 125 పౌనులకు ఆ కారును కొని, పిస్టన్లు మొదలు పై రేకు వరకు తన లెక్కల ప్రకారము తిరిగి తీర్చిదిద్దెను. 1926 ఏప్రిల్ 28వ తేదీన పెండైన్ ఇసుకపై అది గంటకు 171.02 మైళ్ల వేగమును అందుకొని ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఒకరు మూలబెట్టినదానిని మరియొకరు తీసికొని దాని సత్తువను బయటపెట్టుట మోటారు చరిత్రలో క్రొత్త సంగతి కాదు.

1927 ఫిబ్రవరి 4వ తేదీన మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే తీరమున ఆ రికార్డును మించెను. దానిని తిరిగి సంపాదించుటకై మార్చి 3వ తేదీన టామస్ బాబ్స్‌ను ఎక్కెను. అతివేగమున పోవుచుండగా కారు అదుపు తప్పి బోర్లపడి దొర్లెను. టామస్ అక్కడికక్కడే ప్రాణము విడిచెను. భూమిపై వేగపు రికార్డు కొరకు చేసిన యత్నములో మరణించిన మొదటివాడు అతడే. అతని దేహమును ఇంగ్లండులోని బైఫ్లీట్‌లో సమాధి చేసిరి. కారును మాత్రము ఆ తీరముననే ఇసుక దిబ్బలలో గోయి త్రవ్వి పూడ్చిరి. కుడివైపు గొలుసు తెగి టామస్ తలకు తగిలి అతనిని చంపినదని నాడు చెప్పుకొనిరి. ఆ మాటయే పుస్తకములకు ఎక్కినది. తరము తరము నమ్మినది.

నలుబది రెండేండ్లు గడచినవి. ఆ దిబ్బలున్న చోటు సైనికుల ఫిరంగి పరీక్షలకు ఆటపట్టైనది. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరింగు ఉపాధ్యాయుడు బాబ్స్‌ను వెలికితీయుటకు పూనుకొనెను. ఊరిలో కొందరు వలదనిరి. అది ఒక వీరుని స్మారకము. దానిని కదల్చుట సమాధిని కదల్చుట వంటిదని వారి భావము. ఈ అభ్యంతరమును తేలికగా కొట్టివేయుట తగదు. చనిపోయినవాని వస్తువు ఎవరిది? ఊరిదా, బంధువులదా, దానిని బాగుచేయు నేర్పు గలవానిదా? ఓవెన్ సైనిక శాఖ అనుమతి పొందెను. టామస్ బంధువుల సమ్మతిని సంపాదించెను. ఆ తరువాతనే పార చేతబట్టెను. ఏ పాత కారు విషయములోనైనను పని ఈ వరుసలోనే నడువవలెను. మొదట హక్కు తేలవలెను, పిదప సుత్తి మ్రోగవలెను.

బయటపడిన కారు శిథిలమై యుండెను. తుప్పు పనిచేయు తీరును ఇక్కడ కొంత తెలిసికొనుట మంచిది. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినపుడు తుప్పు పుట్టును. అది ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక రెండు రేకులు అతుకుకొన్న సందులలో చేరి వానిని ఉబ్బించి విడదీయును. ఉప్పునీరు తోడైనచో ఈ పని వడిగా సాగును. ఉక్కు, అల్యూమినియము ఒకదానినొకటి తాకియున్న చోట ఉప్పుతేమ తగిలిన యెడల అల్యూమినియము ముందుగా తినబడిపోవును. సముద్రపు ఇసుకలో నలుబది రెండేండ్లు ఉన్న కారు ఎట్లుండునో దీనిని బట్టి ఊహింపవచ్చును. వ్యాపారి లెక్కలో అది పనికిరాని ఇనుము.

ఓవెన్ లెక్క వేరు. అతడు పదిహేనేండ్ల పాటు ఆ పనిమీద కూర్చుండెను. నిలిచిన భాగములను నిలుపుచు, పోయినవానిని సేకరించుచు, దొరకనివానిని చేయించుచు, టామస్ చేతిలో నున్న రూపమునకే దానిని తెచ్చెను. బాబ్స్ మరల తన ఇంజనుతో కదలినది. పెండైన్ మ్యూజియములో ప్రజల యెదుట నిలిచినది. కాని అంతకంటె విలువైన సంగతి మరియొకటి జరిగినది. తుప్పు పట్టిన ఆ భాగములనే పరీక్షించినపుడు కుడివైపు వెనుక చక్రము మొదట విరిగి యుండునని, గొలుసు తెగుట దాని తరువాతి సంగతియని నిపుణులు అభిప్రాయపడిరి. నలుబది ఏండ్లుగా పుస్తకములు గొలుసుపై మోపిన నింద అట్లు సందేహములో పడినది. బాబ్స్‌ను ఇసుకనుండి తీసిన వెంటనే ఎవరైనను తొందరపడి తుప్పును కడిగి, విరిగినదానిని పారవేసి, నిగనిగలాడు రంగు వేసియున్నచో ఆ సాక్షి నోరు శాశ్వతముగా మూతపడియుండును.

ఇక రెండవ కారు. స్విట్జర్లండునకు, ఇటలీకి నడుమ మజ్జోరె అను సరస్సు కలదు. 1925లో తయారైన ఒక బుగాటి బ్రెస్చియా కారు 1936 ప్రాంతమున ఆ సరస్సు పాలైనది. సుంకము చెల్లింపని కారణమున అధికారులు దానిని గొలుసుతో కట్టి నీటిలో దింపిరనియు, ఆ గొలుసు తుప్పుపట్టి తెగుటచే అది 53 మీటర్ల లోతునకు జారిపోయెననియు చెప్పుదురు. 1967లో ఒక గజ ఈతగాడు దానిని కనుగొనెను. 2009 జూలైలో దానిని పైకి తీసిరి. హింసకు బలియైన ఒక యువకుని స్మృతికై ఏర్పడిన సంస్థ కొరకు 2010 జనవరిలో ప్యారిస్‌లో వేలము వేయగా 2,60,500 యూరోలు పలికినది. కొనినవాడు అమెరికాకు చెందిన పీటర్ మల్లిన్. బుగాటి కార్లను మెరిపించి నిలుపుటకు అతనికి ధనము కొరత లేకుండెను. ఐనను ఈ కారును అతడు ముట్టలేదు. సగము కరగి, సగము చిరిగిన ఆ కళేబరమునే తన మ్యూజియములో వెలుతురులో నిలిపి చూపెను. బాగుచేసిన బ్రెస్చియాలు లోకమున ఎన్నియో కలవు. సరస్సు తన చేతితో చెక్కిన బ్రెస్చియా అదియొక్కటియే.

ఒకరు బాగుచేసిరి, ఒకరు చేయలేదు. ఇద్దరును సరియే చేసిరి. బాబ్స్ వంటిది లోకమున మరియొకటి లేదు. దాని కథ వేగమునకు సంబంధించినది. కదలని బాబ్స్ సగము బాబ్స్ మాత్రమే. బ్రెస్చియా కథ మునుగుటకు సంబంధించినది. దాని తుప్పును తీసివేసినచో కథయే పోవును. ప్రాచీన వాహన సంఘముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ట్యూరిన్ నగరమున ఆమోదించిన నియమావళి కూడ ఈ వివేకమునే కోరుచున్నది. ఉన్నదానిని నిలుపుట, చెడినదానిని సరిచేయుట, లేనిదానిని తిరిగి కట్టుట వేరువేరు పనులనియు, తక్కువ జోక్యముతో పని తీరునపుడు ఎక్కువ జోక్యము తగదనియు దాని సారము.

మన ఇండ్లలోని కార్లకు ఇంత చరిత్ర ఉండకపోవచ్చును. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు వంటివి వేలకు వేలు రోడ్డెక్కినవి. అందొకటి పోయిన దేశచరిత్రకు లోటు లేదు. ఐతే ఆ యింటి చరిత్రకు లోటు కావచ్చును. అట్టివారు ముందుగా చిన్న సుత్తి తీసికొని అడుగుభాగమును మెల్లగా తట్టి చూడవలెను. గట్టి లోహము ఖంగుమనును. లోన తినిపోయినది మొద్దు శబ్దమిచ్చును. పైకి కనబడు తుప్పు భయపెట్టును గాని, కనబడని తుప్పే ముంచును. తలుపులు సరిగా మూతపడని కారుకు ఒడలు వంగియుండవచ్చును. బిగిసిన ఇంజనును విడిపింపవచ్చును. పగిలిన ఇంజనునకు ధనము కావలెను. పోయిన దీపములు, పిడులు, గడియారములు చిన్నవిగా తోచును గాని వెదకుటకు ఏండ్లు పట్టును. ఛాసిస్ సంఖ్య, కాగితములు సరిపడని కారుకు ఎంత మెరుగు పెట్టినను పేరు రాదు. బాగుచేయుటకైన ఖర్చు అమ్మిన వచ్చు ధరను మించుట తరచుగా జరుగుచుండును. కనుక లాభమును ఆశించువారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

ఈ లెక్కలన్నియు చూచిన తరువాత కూడ మనసు ఊరకుండనిచో ఒక పని చేయవలెను. పనివానిని పిలుచుటకు ముందు ఆ కారును ఉన్నదున్నట్లు అన్ని వైపుల నుండి ఫొటోలు తీయించి, దానిని ఎవరు కొనిరో, ఎవరు నడిపిరో, ఏ గీత ఎప్పుడు పడినదో ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. ఆ కారు బాగుపడినను, పడకున్నను ఆ కాగితము నిలుచును. రేకును మరల చేయించుకొనవచ్చును. ఆ పెద్దలు చెప్పు మాటను మరల చేయించుకొనలేము.