అమెరికా కాంగ్రెస్: ప్రాతినిధ్యం, నాయకత్వం

అమెరికా సంయుక్త రాష్ట్రాల జాతీయ శాసనసభ పేరు కాంగ్రెస్. జనాభా ప్రాతిపదికపై ఎన్నికయ్యే 435 మంది సభ్యుల ప్రతినిధుల సభ, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది సభ్యులుండే సెనేట్ ఇందులోని రెండు సభలు. 1789లో పని ప్రారంభించిన ఈ సంస్థకు రాజ్యాంగంలోని మొదటి అధికరణం ఆధారం. అయితే ఆ అధికరణం నియోజకవర్గాల ఊసెత్తలేదు. ఓటు హక్కు ఎవరికి ఉండాలన్న నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలిపెట్టింది. సభా నాయకుల్లో ముగ్గురిని మాత్రమే పేర్కొని, రాజకీయ పక్షాలను అసలు ప్రస్తావించలేదు. ఈ ఖాళీలను తరువాతి రెండు శతాబ్దాల్లో చట్టాలు, రాజ్యాంగ సవరణలు, న్యాయస్థానాల తీర్పులు, పార్టీల ఆనవాయితీలు పూరించాయి. నేటి కాంగ్రెస్ స్వరూపం ప్రధానంగా వాటి ఫలితమే.

ఆవిర్భావం

1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక కింద ఉన్న కాంగ్రెస్‌కు ఒకే సభ ఉండేది. చిన్నదైనా పెద్దదైనా ప్రతి రాష్ట్రానికీ అందులో ఒకే ఓటు ఉండేది. పన్నులు విధించే అధికారం ఆ సభకు లేదు. ఈ లోపాలను సరిదిద్దడానికి 1787 మే నెలలో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు, చివరకు పాత ఒడంబడికను పక్కన పెట్టి కొత్త రాజ్యాంగాన్నే రచించారు. రెండు సభల్లోనూ జనాభాను బట్టే స్థానాలు ఉండాలని వర్జీనియా ప్రణాళిక, రాష్ట్రాలన్నిటికీ సమాన ఓటు ఉండాలని న్యూజెర్సీ ప్రణాళిక పట్టుబట్టడంతో సమావేశం స్తంభించింది. కనెటికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ తదితరులు సూచించిన మధ్యేమార్గం ప్రకారం ఒక సభలో జనాభాకు, మరొక సభలో రాష్ట్రాల సమానత్వానికి చోటు కల్పించే తీర్మానం జూలై 16న ఒకే ఒక్క రాష్ట్రం ఆధిక్యంతో నెగ్గింది.

ఈ రాజీకి తోడుగా మరొక రాజీ కూడా జరిగింది. ప్రతినిధుల సభ స్థానాలను లెక్కగట్టేటప్పుడు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులను జనాభాలో కలపాలని రాజ్యాంగం నిర్దేశించింది. ఓటు మాట అటుంచి, మనుషులుగా ఏ హక్కూ లేని బానిసల సంఖ్య ఈ విధంగా వారి యజమానుల రాష్ట్రాలకు అదనపు స్థానాలను సంపాదించి పెట్టింది. అంతర్యుద్ధం తరువాత 1868లో ఆమోదం పొందిన 14వ సవరణతో ఈ నిబంధన రద్దయింది.

ప్రతినిధుల సభ సభ్యునికి 25 ఏళ్ల వయస్సు, ఏడేళ్ల పౌరసత్వం ఉండాలి, పదవీకాలం రెండేళ్లు. సెనేటర్‌కు 30 ఏళ్ల వయస్సు, తొమ్మిదేళ్ల పౌరసత్వం అవసరం, పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకొకసారి సెనేట్‌లో మూడో వంతు స్థానాలకు మాత్రమే ఎన్నిక జరుగుతుంది కనుక ఆ సభ ఎన్నడూ పూర్తిగా మారిపోదు.

స్థానాల పంపకం

తొలి సభకు రాజ్యాంగమే 65 స్థానాలు కేటాయించి, ఆ తరువాత పదేళ్లకొకసారి జనగణన జరిపి పంపకం చేయాలని, 30,000 మందికి ఒకరికి మించి ప్రతినిధులు ఉండరాదని నిర్దేశించింది. రాష్ట్ర జనాభాను నిర్ణీత సంఖ్యతో భాగించినప్పుడు మిగిలే శేషాన్ని ఏం చేయాలన్నది మాత్రం చెప్పలేదు. 1790 జనగణన తరువాత ఈ చిక్కుపైనే వివాదం రేగి, 1792లో కాంగ్రెస్ ఆమోదించిన పంపకపు బిల్లును అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తిప్పిపంపాడు. అమెరికా చరిత్రలో అధ్యక్షుని మొట్టమొదటి వీటో అదే. శేషాలను వదిలివేసే జెఫర్సన్ పద్ధతి అప్పుడు అమల్లోకి వచ్చింది. అటు తరువాత పలు పద్ధతులు మారి, 1941 నుంచి సమాన నిష్పత్తుల పద్ధతి స్థిరపడింది.

కొత్త రాష్ట్రాలు చేరి జనాభా పెరుగుతున్న కొద్దీ సభ కూడా పెరుగుతూ వచ్చింది. 1911 చట్టం 433 స్థానాలను నిర్ణయించగా, అరిజోనా, న్యూమెక్సికో చేరికతో ఆ సంఖ్య 435కు చేరింది. పట్టణవాసులు గ్రామీణులను తొలిసారి మించిపోయారని 1920 జనగణన తేల్చడంతో, తమ బలం తగ్గుతుందని భయపడిన గ్రామీణ ప్రాంతాల సభ్యులు అడ్డుతగిలారు. ఆ దశాబ్దంలో పంపకమే జరగలేదు. చివరకు 1929 చట్టం, ప్రతి జనగణన తరువాత కాంగ్రెస్ ప్రమేయం లేకుండానే పంపకం జరిగే ఏర్పాటు చేసింది. అలాస్కా, హవాయి రాష్ట్రాలు చేరినప్పుడు తాత్కాలికంగా 437కు పెరిగినా, సభ మళ్లీ 435కే వచ్చి అక్కడే నిలిచిపోయింది. ఫలితంగా ఒక్కొక్క సభ్యుడు ప్రాతినిధ్యం వహించే జనాభా 2020 జనగణన నాటికి సగటున 7,61,000కు చేరింది.

నియోజకవర్గాలు, ఓటు హక్కు

ఒక రాష్ట్రపు ప్రతినిధులందరినీ రాష్ట్రమంతటి ఓటర్లు కలిసి ఎన్నుకునే పద్ధతి తొలిరోజుల్లో కొన్నిచోట్ల ఉండేది. ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు ఉండాలని 1842లో కాంగ్రెస్ మొదటిసారి చట్టం చేసింది. 1967 నాటి చట్టం ఆ నియమాన్ని తిరిగి నెలకొల్పింది. హద్దులు గీసే పని రాష్ట్రాలదే కావడంతో, అధికారంలో ఉన్న పార్టీ తనకు లాభించేలా వంకర టింకర నియోజకవర్గాలను రూపొందించడం పరిపాటి అయింది. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ ఆమోదించిన హద్దుల కారణంగా ఈ ఎత్తుగడకు జెరిమాండరింగ్ అన్న పేరు స్థిరపడింది.

ఇవి రాజకీయ వ్యవహారాలంటూ చాలాకాలం దూరంగా ఉన్న సుప్రీంకోర్టు, 1962లో బేకర్ కేసులో హద్దుల వివాదాలను విచారించే అధికారం న్యాయస్థానాలకు ఉన్నదని ప్రకటించింది. 1964లో వెస్‌బెరీ కేసులో, ఒక రాష్ట్రంలోని కాంగ్రెస్ నియోజకవర్గాల జనాభా సాధ్యమైనంత వరకు సమానంగా ఉండాలని తీర్పు ఇచ్చింది. జనాభా సమానంగానే ఉంచి పార్టీ ప్రయోజనం కోసం గీసే హద్దుల విషయంలో మాత్రం ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోజాలవని 2019లో రూచో కేసులో తేల్చింది.

ఓటర్ల పరిధి విస్తరించిన తీరు కూడా ఒడిదొడుకులతో కూడుకున్నదే. జాతి కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో 15వ సవరణ ప్రకటించిన ఏడాదే మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లోను, దక్షిణ కరోలినా నుంచి జోసెఫ్ రైనీ ప్రతినిధుల సభలోను ప్రవేశించి, ఆయా సభల్లో తొలి నల్లజాతి సభ్యులయ్యారు. తరువాత దక్షిణాది రాష్ట్రాలు తలపన్ను, అక్షరాస్యత పరీక్ష వంటి అడ్డంకులతో నల్లజాతివారి ఓటును దాదాపు తుడిచిపెట్టడంతో 1901 నుంచి 1929 వరకు కాంగ్రెస్‌లో ఒక్క నల్లజాతి సభ్యుడు కూడా లేడు. ఈ అడ్డంకులను గట్టిగా దెబ్బతీసినది 1965 నాటి ఓటు హక్కుల చట్టం. అందులోని ముందస్తు అనుమతి ఏర్పాటు, అంటే వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాలను మార్చే ముందు కేంద్ర ప్రభుత్వ అనుమతి పొందాలన్న నిబంధన, 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో నిలిచిపోయింది. మహిళలకు దేశమంతటా ఓటు హక్కు 1920లో 19వ సవరణతో లభించినా, అంతకుముందే మహిళలకు ఓటిచ్చిన మొంటానా 1916లోనే జానెట్ రాంకిన్‌ను తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకున్నది. పంజాబ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన దలీప్ సింగ్ సాంద్ 1956లో ఎన్నికై, కాంగ్రెస్‌లో ప్రవేశించిన తొలి భారత సంతతి సభ్యుడయ్యాడు.

సెనేటర్లను మొదట రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. శాసనసభల్లో ఏకాభిప్రాయం కుదరక స్థానాలు నెలల తరబడి ఖాళీగా ఉండటం, లంచాల ఆరోపణలు పెచ్చుపెరగడం వల్ల 1913లో 17వ సవరణ ఆ ఎన్నికను నేరుగా ప్రజలకు అప్పగించింది. అయినా రాష్ట్రాల సమానత్వం చెక్కుచెదరలేదు: 2020 జనగణన ప్రకారం 3.95 కోట్ల జనాభా గల కాలిఫోర్నియాకూ, 5.77 లక్షల జనాభా గల వయోమింగ్‌కూ చెరి ఇద్దరు సెనేటర్లే. రాజధాని వాషింగ్టన్ జనాభా వయోమింగ్ కంటే ఎక్కువైనా, అది రాష్ట్రం కాదు కనుక సెనేట్‌లో దానికి స్థానం లేదు. రాజధానికి, ప్వెర్టోరికో, గువామ్ వంటి అయిదు ప్రాంతాలకు ప్రతినిధుల సభలో ఒక్కొక్కరు ఉన్నా, వారు చర్చల్లో, కమిటీల్లో పాల్గొనవచ్చు కాని బిల్లు తుది ఆమోదానికి ఓటు వేయలేరు.

ప్రతినిధుల సభ నాయకత్వం

స్పీకర్‌ను సభ ఎన్నుకుంటుందని మాత్రమే రాజ్యాంగం చెబుతున్నది. 1789 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లో కోరం కుదిరిన రోజునే పెన్సిల్వేనియాకు చెందిన ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్ తొలి స్పీకర్‌గా ఎన్నికయ్యాడు. 1811లో సభలో అడుగుపెట్టిన తొలిరోజే స్పీకర్ అయిన హెన్రీ క్లే, కేవలం చర్చలను క్రమబద్ధం చేసే ఆ పదవిని పార్టీ నాయకత్వ పీఠంగా మార్చాడు. లోక్‌సభ స్పీకర్ పార్టీలకు అతీతంగా వ్యవహరించాలన్నది భారతదేశంలో ఆశయం కాగా, అమెరికాలో స్పీకర్ మెజారిటీ పక్షానికి బాహాటంగానే అధినేత. అధ్యక్ష పదవి ఖాళీ అయితే 1947 చట్టం ప్రకారం ఉపాధ్యక్షుని తరువాత వంతు కూడా స్పీకర్‌దే.

సభలోనే కూర్చుని హాజరు పలకకుండా కోరం లేదనిపించే మైనారిటీ పక్షపు ఎత్తుగడకు 1890లో స్పీకర్ థామస్ రీడ్ స్వస్తి పలికాడు. కనిపించిన సభ్యులందరినీ హాజరైనట్లు నమోదు చేయించిన ఆయన చర్యతో మెజారిటీ పక్షం ఇష్టానుసారం సభను నడిపే వీలు కలిగింది. 1903లో స్పీకర్ అయిన జోసెఫ్ కేనన్, కమిటీ సభ్యులను తానే నియమిస్తూ, ఏ బిల్లు ఎప్పుడు చర్చకు రావాలో నిర్ణయించే నిబంధనల కమిటీకి తానే అధ్యక్షత వహిస్తూ ఆ అధికారాన్ని పరాకాష్ఠకు చేర్చాడు. 1910లో జార్జ్ నోరిస్ నాయకత్వంలో స్వపక్ష అసమ్మతివాదులు డెమొక్రాట్లతో చేతులు కలిపి ఆయనను ఆ కమిటీ నుంచి తొలగించారు.

ఆ తిరుగుబాటుతో అధికారం క్రమంగా కమిటీ అధ్యక్షుల చేతికి చిక్కింది. ఎక్కువ కాలం కమిటీలో ఉన్నవారికే అధ్యక్షత దక్కే సీనియారిటీ నియమం వల్ల, పోటీ లేకుండా పదేపదే గెలిచే దక్షిణాది డెమొక్రాట్లు ముఖ్యమైన కమిటీలను చేజిక్కించుకుని పౌర హక్కుల బిల్లులను తొక్కిపట్టారు. వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్ అధ్యక్షతలోని నిబంధనల కమిటీ పట్టును సడలించడానికి, 17 ఏళ్లకు పైగా ఆ పదవిలో ఉండి రికార్డు సృష్టించిన స్పీకర్ శామ్ రేబర్న్ 1961లో కమిటీ సభ్యుల సంఖ్యను 12 నుంచి 15కు పెంచాల్సి వచ్చింది; ఆ తీర్మానం 217–212 ఓట్లతో గట్టెక్కింది. 1975లో డెమొక్రాటిక్ పార్టీ సభ్యుల అంతరంగ సమావేశం, అంటే కాకస్, ముగ్గురు సీనియర్ కమిటీ అధ్యక్షులను దించివేయడంతో అధికారం మళ్లీ పార్టీ నాయకుల వైపు మళ్లింది. 1995లో స్పీకర్ అయిన న్యూట్ గింగ్రిచ్ కాలంలో కమిటీ అధ్యక్షులకు ఆరేళ్ల పరిమితి విధించడంతో ఆ ధోరణి మరింత బలపడింది. 2007లో నాన్సీ పెలోసీ తొలి మహిళా స్పీకర్ అయింది. మెజారిటీ స్వల్పంగా ఉన్నప్పుడు ఈ పదవి ఎంత బలహీనమో 2023లో రుజువైంది: జనవరిలో 15వ విడత ఓటింగులో గాని ఎన్నిక కాలేకపోయిన కెవిన్ మెకార్తీని అక్టోబర్ 3న సభ 216–210 ఓట్లతో తొలగించింది. సభ ఒక స్పీకర్‌ను ఓటుతో దించివేయడం అదే ప్రథమం.

సెనేట్ నాయకత్వం

దేశ ఉపాధ్యక్షుడు సెనేట్‌కు అధ్యక్షుడు. అయితే ఓట్లు సమానమైనప్పుడు తప్ప ఆయనకు ఓటు లేదు. ఆయన లేనప్పుడు అధ్యక్షత వహించే తాత్కాలిక అధ్యక్ష పదవి, 20వ శతాబ్ది మధ్య నుంచి మెజారిటీ పక్షంలోని అత్యంత సీనియర్ సభ్యునికి దక్కే గౌరవంగా మారింది. సభను నిజంగా నడిపించేది రాజ్యాంగంలో పేరైనా లేని మెజారిటీ నాయకుడు. 1920లలో స్పష్టమైన రూపం దాల్చిన ఈ పదవికి, 1937లో ఉపాధ్యక్షుడు జాన్ నాన్స్ గార్నర్ మొదలుపెట్టిన ఆనవాయితీ బలం చేకూర్చింది. ఎందరు లేచి నిలబడినా ముందుగా మాట్లాడే అవకాశం నాయకునికే ఇవ్వడంతో సభా కార్యక్రమం ఆయన చేతిలోకి వచ్చింది. 1955 నుంచి 1961 వరకు ఈ పదవిలో ఉన్న లిండన్ జాన్సన్ తన ఒప్పించే నేర్పుతో దానికి ప్రతిష్ఠ తెచ్చాడు.

అయినా సెనేట్ నాయకునికి స్పీకర్‌కున్న పట్టు లేదు. ఎంతసేపైనా మాట్లాడి బిల్లును అడ్డుకునే ఫిలిబస్టర్ హక్కు అక్కడి సభ్యులకు ఉండటమే అందుకు ముఖ్య కారణం. చర్చను ముగించే క్లోచర్ నియమం 1917లో మూడింట రెండు వంతుల మద్దతు షరతుతో వచ్చింది. 1975లో ఆ షరతు అయిదింట మూడు వంతులకు, అంటే 60 ఓట్లకు తగ్గింది. నియామకాల విషయంలో సాధారణ మెజారిటీ చాలునని 2013లో డెమొక్రాట్లు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు కూడా అదే వర్తిస్తుందని 2017లో రిపబ్లికన్లు సభా సంప్రదాయాన్ని మార్చారు.

కాంగ్రెస్ స్వరూపంలో మార్పునకు లొంగే భాగాలు, లొంగనివి వేరువేరు. ప్రతినిధుల సభ సభ్యుల సంఖ్యను సాధారణ చట్టంతో, స్పీకర్ అధికారాలను, ఫిలిబస్టర్‌ను ఆయా సభల నిర్ణయంతో మార్చవచ్చు. సెనేట్‌లోని సమాన ఓటును మాత్రం ఏ రాష్ట్రం నుంచీ దాని సమ్మతి లేకుండా తీసివేయరాదని రాజ్యాంగం అయిదవ అధికరణం శాసిస్తున్నది.