నిజాం పేరున్న బాంబర్

1918 అక్టోబర్ 5న ఎఫ్ 1010 అనే నంబరున్న బాంబర్ విమానం ఒకటి ఫ్రాన్స్ నుంచి లేచి జర్మనీ మీదికి వెళ్ళింది. తిరిగి రాలేదు. అందులో ఇద్దరున్నారు. నడిపేది కెప్టెన్ ఇంగ్లిస్. వెనక సీట్లో మెషిన్‌గన్ పట్టుకుని కూర్చునే అబ్జర్వర్ సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ. ఇద్దరూ ప్రాణాలతోనే నేల మీదికి దిగారు, జర్మన్లకి పట్టుబడ్డారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇట్లాంటి కథలు కోకొల్లలు కాబట్టి ఇందులో మనకేం పని అని మీరు అడగొచ్చు. పని ఎక్కడుందంటే, ఆ విమానం ఒంటి మీద ఇంగ్లీషులో ఒక మాట రాసి ఉంది: హైదరాబాద్ నిజాం గారు బహూకరించినది.

ఆ విమానం ఇప్పటికీ ఉంది. లండన్ ఉత్తర శివార్లలో, హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో దాన్ని చూడొచ్చు. ఆన్‌సైట్‌కి వెళ్ళిన తెలుగు ఇంజనీర్లు లండన్‌లో చూసే జాబితాలో కోహినూర్ ఉంటుంది, మేడమ్ టుస్సాడ్స్ ఉంటుంది. ఇది కూడా కలుపుకోండి. కోహినూర్ ఎవరిదన్న గొడవ ఎప్పటికీ తెగదు. ఈ విమానానికి డబ్బు ఎవరిదో మాత్రం దాని మీదే రాసి ఉంది, సగం అబద్ధంగానే అయినా. ఎందుకు సగం అంటున్నానో తర్వాత చెప్తాను.

రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110వ స్క్వాడ్రన్‌కి అధికారిక నామం 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. 1917 నవంబర్‌లో ఏర్పాటైంది. దానికిచ్చిన డీహెచ్ 9ఏ రకం బాంబర్లన్నీ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. కొత్త రకం విమానం, అమెరికాలో తయారైన లిబర్టీ ఇంజన్. దాన్ని యుద్ధానికి తీసుకెళ్ళిన మొదటి స్క్వాడ్రన్ ఇదే. 1918 ఆగస్టు చివర్లో ఫ్రాన్స్ చేరి, జర్మనీ లోపలి పట్నాల మీద పగటిపూట బాంబులు వేసే దళంలో కలిసింది. పగటిపూట, ఫైటర్ల కాపలా లేకుండా, శత్రువు నేల మీద వంద మైళ్ళు లోపలికి. ఫలితం ఊహించలేనిదేం కాదు. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో నాలుగు విమానాలు పోయాయి. అక్టోబర్ 21న వెళ్ళిన పదమూడిట్లో ఏడు తిరిగి రాలేదు. నవంబర్ 11న యుద్ధం ఆగేలోపు, అంటే రెండు నెలల పైచిలుకులో, మొత్తం పదిహేడు విమానాలు శత్రువు వైపే ఉండిపోయాయి.

గోదావరిఖనిలో పెరిగినవాళ్ళకి ఈ లెక్క పెట్టే పద్ధతి కొత్త కాదు. మా దగ్గర బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. షిఫ్ట్‌కి పోయేటప్పుడు మస్టర్ పడుతుంది, ల్యాంప్ రూంలో దీపం తీసుకుంటారు. షిఫ్ట్ అయ్యాక ఎవరి దీపం వాపసు రాలేదో చూస్తే కింద ఎవరున్నారో తెలుస్తుంది. స్క్వాడ్రన్ వాళ్ళు మైదానంలో నిలబడి ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టేవాళ్ళు. తేడా ఏమిటంటే, బాయిలో రాని మనిషి ఎక్కడున్నాడో పైవాళ్ళకి సుమారుగా తెలుసు, వెతకడానికి మనుషులు దిగుతారు. జర్మనీలో దిగినవాడి కోసం ఎవరూ దిగరు.

అసలు బతికి దిగడమే గొప్ప. అప్పటి బ్రిటిష్ పైలట్లకి పారాచూట్ ఇవ్వలేదు. బెలూన్లలో నిలబడి దూరదర్శినితో చూసేవాళ్ళకి ఇచ్చారు, విమానాల్లో వాళ్ళకి ఇవ్వలేదు. ఇంజన్ పోయినా, పెట్రోలు ట్యాంకుకి తూటా తగిలినా, ఆ కర్రా గుడ్డా కట్టిన బండిని ఎట్లాగోలా నేలకి దించడం ఒక్కటే దారి. దించాక ఇంకో పని ఉంది. శత్రువు చేతికి చిక్కకుండా విమానాన్ని తగలబెట్టాలి. ఎఫ్ 1010 తగలబడలేదు. దాదాపు చెక్కుచెదరకుండా జర్మన్లకి దక్కింది కాబట్టే ఈ రోజు మ్యూజియంలో ఉంది. సైనిక లెక్కలో అది లోపం, చరిత్ర లెక్కలో మన అదృష్టం.

పట్టుబడ్డాక ఏమయ్యేది? ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీలతో పని చేయించుకోవచ్చు, ఆఫీసర్లతో తప్ప. విమానాల్లో ఎగిరే పైలట్లు, అబ్జర్వర్లు ఎక్కువమంది ఆఫీసర్లు. వాళ్ళకి కంచె వెనక చదువుకోవడం, నాటకాలు వేయడం, సొరంగాలు తవ్వడం. ఇంగ్లీషులో యుద్ధఖైదీల సాహసగాథల అల్మరా మొత్తం ఆ తీరికలోంచే పుట్టింది. అదే సైన్యంలోని మామూలు సిపాయిలు పట్టుబడితే జర్మనీ వాళ్ళని ఉప్పుగనులకీ బొగ్గుగనులకీ పంపింది. ఆఫీసరు పారిపోవడానికి తవ్వితే సాహసం, సిపాయి బొగ్గు కోసం తవ్వితే కూలి. పారిపోయిన ఆఫీసర్ల పుస్తకాలు చదువుతున్నంతసేపూ నాకు ఆ రెండో తవ్వకమే గుర్తొస్తూ ఉంటుంది. దాని గురించి పుస్తకాలు తక్కువ.

ఇప్పుడు ఆ సగం అబద్ధం సంగతి. నిజాం బహూకరించాడు సరే, డబ్బు? సంస్థానం ఖజానాకి పెద్ద ఆదాయం భూమి శిస్తు. మరాఠ్వాడాలోనో, తెలంగాణలోనో, పొలం దున్నినవాడి దగ్గర వసూలైన రూపాయి యార్క్‌షైర్ కుర్రాడినో, కెనడా కుర్రాడినో ఫ్రాంక్‌ఫర్ట్ మీదికి ఎగరేసింది. నాకిది కవిత్వంలాగా అనిపించదు, అకౌంటింగ్‌లాగా అనిపిస్తుంది. అదే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది, అదీ ఆయన పేరు మీదే. కాబట్టి ఆయన్ని ఒక్క ముక్కలో తిట్టేసి వెళ్ళిపోవడం కుదరదు, మనకి ఇష్టమైన ముక్క మాత్రమే ఏరుకోవడమూ కుదరదు. ఆ ఏడాది జనవరి 1న బ్రిటిష్ వాళ్ళు ఆయనకి 'ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు ఇచ్చారు. తర్వాత 'నమ్మకమైన మిత్రుడు' అన్నారు. ఇంకో హైదరాబాద్ స్క్వాడ్రన్, 152వది, రెండో యుద్ధంలో ఆ మాటనే తన చిహ్నం మీద నినాదంగా పెట్టుకుంది, నిజాం తలపాగా బొమ్మతో సహా.

మా ఊరు అప్పటికి లేదు. అంటే గోదావరి పక్కన పల్లెలున్నాయి గానీ బాయిలు లేవు. అప్పటి బొగ్గంతా ఇల్లెందు వైపు సింగరేణిది. ఆ బొగ్గు తవ్వే హక్కు 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీది. సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ రావడం 1920 డిసెంబర్‌లో, నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటాలు కొని సొంతం చేసుకోవడం 1945లో. అంటే 1918లో సంస్థానం బొగ్గు మీద లాభమూ లండన్‌కే, సంస్థానం కానుకా లండన్‌కే. రెండూ ఒకే దిక్కు ప్రయాణం.

ఎఫ్ 1010 ప్రయాణం మాత్రం వంకరటింకరగా సాగింది. జర్మన్లు దాన్ని యుద్ధంలో గెలుచుకున్న వస్తువుగా దాచుకున్నారు. తర్వాత బెర్లిన్‌లోని విమానాల మ్యూజియంలో పెట్టారు. 1943లో రాయల్ ఎయిర్ ఫోర్స్ బెర్లిన్ మీద వేసిన బాంబులు ఆ మ్యూజియం మీదా పడ్డాయి. తమ విమానం మీద తామే. మిగిలిన విమానాలను తూర్పుకి తరలించారు, యుద్ధం ముగిశాక ఆ నేల పోలండ్‌లో ఉంది, విమానం క్రాకోవ్ మ్యూజియానికి చేరింది. 1977లో బ్రిటిష్ వాళ్ళు పోలండ్‌కి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఖైదీల మార్పిడి అన్నమాట, యాభై తొమ్మిదేళ్ళకి. ఇంగ్లిస్, బాడ్లీల కంటే వాళ్ళ బండి ఖైదే ఎక్కువ.

110వ స్క్వాడ్రన్ కథ అక్కడితో అయిపోయి ఉంటే ఇది ఒక మ్యూజియం ముచ్చటగా మిగిలేది. రెండో యుద్ధంలో, 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ నౌకల మీద రాయల్ ఎయిర్ ఫోర్స్ చేసిన మొదటి బాంబుదాడికి నాయకత్వం వహించింది ఈ స్క్వాడ్రన్‌కి చెందిన కెన్నెత్ డోరన్. ఆయన కూడా 1940 ఏప్రిల్ చివర్లో నార్వే దగ్గర కూలి, మిగతా యుద్ధమంతా జర్మన్ క్యాంపుల్లో గడిపాడు. 1942లో స్క్వాడ్రన్‌ని ఇండియాకి పంపారు. హైదరాబాద్ డబ్బుతో పుట్టిన దళం ఇన్నాళ్ళకి ఈ వైపుకి వచ్చింది, అదీ బర్మా యుద్ధం కోసం.

బర్మా అడవిలో కూలిన విమానదళాల సంగతి యూరప్‌కి పూర్తిగా వేరు. బెల్జియంలో దిగినవాడు ఒక రైతు తలుపు తట్టి, అదృష్టం బాగుంటే, కామెట్ లైన్ లాంటి రహస్య గొలుసుల ద్వారా చేతులు మారుతూ పిరనీస్ కొండలు దాటేవాడు. జనంలో కలిసిపోవడానికి ఒంటి రంగు సహకరించేది. అరకాన్‌లో తెల్లవాడు ఎవరిలో కలుస్తాడు? అందుకే వాళ్ళ జేబులో పట్టుగుడ్డ మీద అచ్చువేసిన పటం, దాంతో పాటు బర్మీస్, థాయ్, చైనీస్ లాంటి ఎన్నో భాషల్లో ఒక విన్నపం: నేను మీ శత్రువుని కాను, నన్ను మావాళ్ళ దగ్గర చేర్చండి, మీకు బహుమానం ఇస్తారు. ఈ చీటీల ఆచారం అంతకుముందు వాయవ్య సరిహద్దులో, ఇరాక్‌లో మొదలైంది. అక్కడ గ్రామాల మీద బాంబులు వేసిన విమానాల్లో ముఖ్యమైనది డీహెచ్ 9ఏనే. పొద్దున ఏ ఊరి మీద బాంబు వేశాడో, సాయంత్రం అదే ఊళ్ళో ప్రాణభిక్ష అడగాల్సి రావచ్చు కాబట్టి ముందే రాసి పెట్టుకున్న దరఖాస్తు అది. ఆ చీటీని మ్యూజియాల్లో మానవత్వానికి గుర్తుగా చూపిస్తారు. నాకది భయానికి గుర్తుగా కనిపిస్తుంది.

జపాన్ వాళ్ళకి చిక్కినవాళ్ళు ఎక్కువమంది రంగూన్ సెంట్రల్ జైలుకి చేరారు. అక్కడ విమానదళాల వాళ్ళని మామూలు యుద్ధఖైదీలుగా చూడలేదు, నేరస్తులుగా చూసి విడిగా కొట్లలో పెట్టారు. చాలీచాలని తిండి, బెరిబెరి. 1945 ఏప్రిల్ 25న నడవగలిగిన సుమారు నాలుగు వందల మందిని బయటికి తీసి పెగూ వైపు నడిపించారు. నాలుగు రోజుల తర్వాత జపాన్ కాపలావాళ్ళు వాళ్ళని దారిలో వదిలేసి వెళ్ళిపోయారు. విడుదలయ్యామని తెలిసిన కాసేపటికి, మిత్రపక్షం విమానాలే వాళ్ళని శత్రువులనుకుని కాల్చాయి. అందరికంటే పెద్ద ఆఫీసర్ బ్రిగేడియర్ హాబ్సన్ అందులో చనిపోయాడు.

జైల్లో మిగిలినవాళ్ళు కూడా అదే రాత్రి, ఏప్రిల్ 29న, కాపలా మాయమైందని గుర్తించారు. ఆస్ట్రేలియా పైలట్ లయనల్ హడ్సన్ బాధ్యత తీసుకున్నాడు. తమవాళ్ళు రంగూన్ మీద బాంబులు వేయకుండా ఎట్లా ఆపాలి? కప్పు మీద పెద్ద అక్షరాలతో 'జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారు' అని రాశారు. పైన ఎగిరేవాళ్ళు ఇది శత్రువు ఎత్తేమో అనుకున్నారు. అప్పుడు ఇంకో మాట రాశారు: 'ఎక్స్‌ట్రాక్ట్ డిజిట్'. 'వేలు బయటికి తియ్యండి', అంటే బద్ధకం మాని కదలండి అని రాయల్ ఎయిర్ ఫోర్స్ కుర్రాళ్ళు వాడే మోటు మాటకి మర్యాద తొడుగు. ఏ జపాన్ గూఢచారికీ తట్టని మాట. మా రంగంలో పాస్‌వర్డ్ ఎంత పొడుగుంటే అంత భద్రం అంటారు. వీళ్ళకి ఒక బూతు సరిపోయింది.

మే 2న 110వ స్క్వాడ్రన్ కమాండర్ ఆర్థర్ సాండర్స్ మస్కీటో విమానంలో రంగూన్ మీద ఎగిరాడు. కప్పు మీద రాత చూశాడు, కింద జపాన్ సైన్యం జాడ లేదు. మింగలడాన్ విమానాశ్రయంలో గుంటలు పడ్డ రన్‌వే మీద దిగితే బండి కొంచెం దెబ్బతింది. అక్కడి నుంచి నడుచుకుంటూ జైలుకి వెళ్ళి ఖైదీలని కలిశాడు. తర్వాత రేవుకి పోయి, ఒక సంపాన్ పడవ సంపాదించి, నది వెంట కిందికి వెళ్ళి, పట్నం మీద దాడికి వస్తున్న సొంత సైన్యానికి ఎదురెళ్ళాడు. యుద్ధం చేసి పట్టుకోవాల్సిన ఊరు ఖాళీగా ఉందని చెప్పడానికి. హైదరాబాద్ స్క్వాడ్రన్ నాయకుడు రంగూన్‌లోకి నడుచుకుంటూ పోయాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూడలేదు నేను.

ఆ రేవు దగ్గర కాస్త ఆగాలి. తీరాంధ్రలో రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. గంజాం నుంచి గోదావరి దాకా ఎన్నో ఇళ్ళల్లోంచి 'రంగం పోయిన' మనుషులున్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్ళని కోరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ఓడల్లో సరుకు ఎక్కించి దించే పనిలో తెలుగు కూలీలు ముందుండేవాళ్ళు. 1930 మేలో కూలి పెంచమని వాళ్ళు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తీరగానే బర్మా వాళ్ళని వెళ్ళగొట్టాయి. ఆ చిచ్చు పెద్ద మారణకాండ అయింది. 1941 డిసెంబర్ 23న జపాన్ మొదటిసారి రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు చచ్చిపోయినవాళ్ళలో ఆ రేవు మనుషులు ఎందరో. సాండర్స్ పడవ కోసం వెతుక్కునేటప్పటికి ఆ రేవులో తెలుగు దాదాపు వినిపించకుండా పోయి మూడేళ్ళయింది.

ఎందుకంటే 1942లో వాళ్ళు నడిచారు. ఓడల్లో చోటు దొరకని లక్షలాది మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కి, చింద్విన్ దాటి మణిపూర్‌కి నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. వేల మంది దారిలోనే పోయారు. వాళ్ళ దగ్గర పట్టుగుడ్డ పటం లేదు, బహుమానం ఇస్తామన్న చీటీ లేదు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి పెట్టారని కాంగ్రెస్ నాయకులు అప్పుడే నిలదీశారు. ఒక పైలట్ మూడు వారాలు అడవిలో నడిచి బయటపడితే డైరీ ఉంటుంది, పతకం ఉంటుంది, రిపోర్టు ఉంటుంది. మూడు నెలలు పిల్లల్ని ఎత్తుకుని నడిచిన కోరంగి కూలీ పేరు ఏ మస్టర్‌లో ఉందో వెతకాలి.

బతికి తీరం చేరినవాళ్ళకి ఇక్కడా నిలకడ దొరకలేదు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. రంగం నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళోకి నడిచి వస్తుంటే, ఊళ్ళోవాళ్ళు బళ్ళు కట్టుకుని ఎదురుగా లోపలి పల్లెలకి పోతున్నారు.