ఒంటిమీది కంప్యూటర్: బూటు నుంచి కంటిదాకా, మళ్లీ బూటుదాకా

ఒంటిమీద కంప్యూటర్ పెట్టుకు తిరగాలన్న ఆలోచన స్మార్ట్ వాచీల కంటే చాలా పాతది. 1961లో గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ కలిసి సిగరెట్ పెట్టె అంత యంత్రాన్ని లాస్ వెగాస్ జూదశాలకు తీసుకెళ్లారు. రూలెట్ చక్రం వేగాన్ని బూటులోని మీటను కాలివేలితో నొక్కి తెలిపితే, బంతి ఎటు పడవచ్చో యంత్రం లెక్కగట్టి చెవిలో స్వరంగా చెప్పేది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తొడుక్కునే తెరను చూపించాడు. తల కదలికలను కొలిచే చట్రం మాత్రం పైకప్పు నుంచి వేలాడేది.

ఇలాంటి యంత్రాన్ని ప్రయోగశాల దాటించి బతుకులో భాగం చేసుకున్నవాడు కెనడాకు చెందిన స్టీవ్ మాన్. ఆయన పరిశోధనకు ప్రేరణల్లో వెల్డింగ్ ఒకటి. నల్లద్దం ముసుగులోంచి చూస్తే ఆర్క్ వెలుగు తప్ప పక్కనున్న ఇనుము ఆనదు, ముసుగు తీస్తే కళ్లకు ప్రమాదం. వెలుగు హెచ్చుతగ్గులతో తీసిన చిత్రాలను కలిపి, రెండింటినీ ఒకేసారి చూపించే అద్దాల కోసం ఆయన కృషి చేశాడు. 1990ల్లో ఎంఐటీలో ఉండగా తాను చూస్తున్న దృశ్యాన్ని ఇంటర్నెట్‌కు పంపాడు. అందరినీ నిఘా కెమెరాలు చూస్తున్నప్పుడు, తిరిగి చూసే హక్కు మనిషికీ ఉండాలని వాదించాడు. అదే దశకంలో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ విమానాల తీగలు అమర్చే కార్మికుల కళ్లెదుటే పటం కనిపించేలా చేయాలని చూశారు. ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అన్న పేరు ఆ పని నుంచే వచ్చింది.

కీబోర్డు లేని యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడానికి నోటిమాట ఒక మంచి దారి. ఆ దారి వేసినవారిలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ముఖ్యుడు. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం 1976 నాటికి తెచ్చిన ‘హార్పీ’ వెయ్యికి పైగా పదాలను గుర్తించగలిగింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

2013లో కెమెరా ఉన్న గూగుల్ గ్లాస్ కళ్లద్దాలు తొలి వాడుకరుల చేతికి వచ్చాయి. ఎదుటివాడు కెమెరాతో తమను తీస్తున్నాడేమోనన్న అనుమానం జనాన్ని వదల్లేదు. 2015లో మామూలు వాడుకరులకు అమ్మకం ఆగింది.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌కు చెందిన డ్యూసెర్ టెక్నాలజీస్‌లో క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ ‘లేచల్’ బూట్లను తెచ్చారు. వెళ్లాల్సిన చోటు ఫోన్‌లో చెబితే, బ్లూటూత్ ద్వారా బూటుకు కబురందుతుంది. ఎడమకు తిరగాల్సినప్పుడు ఎడమ బూటు, కుడికైతే కుడి బూటు వణుకుతుంది. చూపు లేనివారికి చెవే పెద్ద ఆధారం. వచ్చే బస్సు చప్పుడు వినే చెవికి అడ్డు రాకుండా పాదానికి దారి చెప్పడం ఇందులోని గొప్పతనం. ఎదురయ్యే రాయి సంగతి చేతికర్రే చూసుకోవాలి. ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ ఈ బూట్లను పరీక్షకు తీసుకుంది.

థార్ప్ బూటు జూదానికి పుట్టింది, లేచల్ బూటు నడకకు పుట్టింది. తొడుక్కునేవాడి అవసరం నుంచి మొదలైన పరికరానికే విలువ ఉంటుందని నా నమ్మకం.

అలాంటి అవసరానికి ఉదాహరణగా కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకానే తీసుకోండి. అక్కడ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, ఊళ్లో బోర్డులు కన్నడం. చూపు మందగించిన ముసలివారికి బస్సు మీది కన్నడ అక్షరాలను చదివి తెలుగులో చెప్పే అద్దాలు కావాలి. అవి సిగ్నల్ అందని పల్లెలోనూ పనిచేయాలి, కూలి చేసుకునేవారు కొనగలగాలి. స్టీవ్ మాన్ చూపు, రాజ్ రెడ్డి మాట కలిసే చోటు అదే. మన ఇంజనీర్లు తమ కొలతలను అక్కడ మొదలుపెట్టాలి.